చింతయు ఆందోళనయు

మానవుడు రేపటిని గూర్చి ఆలోచింపగలవాడు. విత్తనము చల్లిన నాడే కోతను గూర్చియు, బిడ్డ బడిలో చేరిన నాడే వాని భవిష్యత్తును గూర్చియు తలపోయుట ఈ శక్తివలననే సాధ్యమగుచున్నది. ఇల్లు కట్టుట, ధాన్యము నిలువచేయుట, వానకు ముందే కప్పు నేయించుట, ఇవన్నియు ముందుచూపు ఫలములే. అయితే ఈ ముందుచూపు హద్దు మీరినపుడు చింతగా మారును. చింత చిరకాలము నిలిచినచో ఆందోళనగా దేహమునందు పాతుకొనును.

చిత అను మాటకు ఒక సున్న చేర్చిన చింత యగునని పెద్దలు చమత్కారముగా చెప్పుదురు. చితి ప్రాణము పోయినవానిని ఒక్కసారి కాల్చును. చింత బ్రదికియున్నవానిని దినదినము కాల్చును. ఈ మాటలో వైద్యులును కాదనలేని సత్యము కలదు. చింత యననేమి, అది ఆందోళనగా ఎట్లు మారును, దానిని అదుపులో నుంచుట ఎట్లు, వైద్యుని ఎప్పుడు చూడవలెను అను విషయములను ఇందు తెలిసికొందము.

1. మాటలను వేరుచేసి చూడుడు

మన భాషయందు మనోవ్యాకులతకు పేర్లు అనేకము కలవు. ఎదుట పాము కనబడినపుడు కలుగునది భయము. దూరమున నున్నవారిని తలచుకొని కలుగునది బెంగ. జరిగిపోయినదానికి వగచుట విచారము. కారణము స్పష్టముగా తెలియక గుండెలో బరువు తోచుట దిగులు. ఒక్కసారిగా ఉక్కిరిబిక్కిరి యగుట గాభరా.

చింత ఇట్టివానికన్న వేరైనది. అది ముఖ్యముగా ఆలోచన. "ఒకవేళ అట్లు జరిగినచో?" అను ప్రశ్నతో అది ఆరంభమగును. ఆ ప్రశ్నకు దొరకిన జవాబు నుండి మరియొక ప్రశ్న పుట్టును. ఇట్లు గొలుసు సాగిపోవుచుండును. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు చెందిన థామస్ బోర్కోవెక్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, అతని సహచరులు 1983లో చింతకు ఇట్టి నిర్వచనమునే ఇచ్చిరి. అది అప్రియమైన తలపుల గొలుసు; దానిని ఆపుట కష్టము; ఫలితము నిశ్చయముగా తెలియని విషయమునందు మనస్సు చేయు ఒక విధమైన సమస్యా పరిష్కార ప్రయత్నము.

ఆందోళన యను మాటకు సంస్కృతమున ఊగులాట యని అర్థము. మనస్సుతోపాటు దేహమును ఊగులాడు స్థితియే ఆందోళన. గుండె దడ, చెమట, కండరముల బిగువు, కడుపులో త్రిప్పుట, నిద్రపట్టకుండుట దాని గురుతులు. చింత తలలో మాటలుగా నడచును. ఆందోళన ఒడలంతట వ్యాపించును. ఒకటి రెండవదానిని పెంచును. రెండవది తిరిగి మొదటిదానికి మేత వేయును.

2. రాయపూర్‌లో ఒక సంసారము

1931లో పార్వతీపురము మీదుగా విజయనగరమును రాయపూర్‌ను కలుపు రైలుమార్గము పూర్తియైనది. రైల్వే కొలువులు, వ్యాపారము, తరువాత భిలాయి ఉక్కు కర్మాగారము కారణముగా అనేక తెలుగు కుటుంబములు ఈ ప్రాంతమున స్థిరపడినవి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమేర్పడి రాయపూర్ రాజధాని యైనది. ఇట్టి కుటుంబములలో ఒకదానిని ఉదాహరణకై ఊహింతము.

ఇల్లాలికి నలువది యేండ్లు. భర్త రైల్వే వేగన్ల మరమ్మతు కార్ఖానాలో పని చేయుచున్నాడు. పెద్దకుమారుడు విశాఖపట్టణమున చదువుచున్నాడు. ఒకనాటి సాయంకాలము ఆమె కుమారునికి ఫోను చేసినది, అతడు ఎత్తలేదు. "తరగతిలో నుండెనేమో" యని తోచినది. అయినను వెంటనే రెండవ తలపు: "ఒకవేళ జ్వరము వచ్చెనేమో!" మూడవది: "రోడ్డు దాటుచు పడెనేమో!" నాలుగవది: "ఆసుపత్రిలో నున్నచో మాకు ఎవరు చెప్పుదురు?" అరగంటలో ఆమె మనస్సు ఫోను మ్రోగిన గది నుండి ఆసుపత్రి మంచము వరకు నడచిపోయినది. అంతలో కుమారుడు తిరిగి పిలిచి, "అమ్మా, గ్రంథాలయములో నుంటిని" అన్నాడు. ఆమె తేలికపడినది. మరునాడు అదే సమయమునకు అదే కథ మరల ఆరంభమైనది.

కొన్ని నెలలకు ఆమెకు నిద్ర తగ్గినది. మెడ, భుజములు నొప్పి. చిన్న మాటకు కోపము. ఒక రాత్రి గుండె వేగముగా కొట్టుకొని, వ్రేళ్ళు తిమ్మిరెక్కి, ప్రాణము పోవుచున్నదని తోచినది. గుండె పరీక్షలు చేయించిరి, దోషమేమియు కనబడలేదు. "ఏమియు లేదు, ఇంటికి పొండు" అన్నారు. మరి యొక వైద్యుని, ఆ తరువాత ఇంకొకరిని చూచిరి. ప్రతిచోట ఆమె చెప్పినది ఒకటే మాట: "ఘబరాహట్." గాభరా యను మన మాటకు ఇది హిందీలో చుట్టమే. ఆ మాట వెనుక నున్న చింతను గూర్చి మాత్రము ఎవ్వరును అడుగలేదు, ఆమెయు చెప్పలేదు. గుండెలో దోషము లేదనుట నిజమే. కాని ఏమియు లేదనుట నిజము కాదు. ఆమె బాధ నిజమైనది, దానికి పేరు కలదు, చికిత్సయు కలదు.

3. దేహమునందు జరుగునదేమి

1915లో వాల్టర్ కానన్ అను అమెరికా శరీరధర్మ శాస్త్రజ్ఞుడు భయమునకు, కోపమునకు దేహము ఎట్లు సిద్ధమగునో వివరించెను. అపాయము తోచగనే మెదడు హెచ్చరిక పంపును. మూత్రపిండములపైన నున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ అను ద్రవ్యమును విడుదల చేయును. గుండె వేగము హెచ్చును. ఊపిరి త్వరగా ఆడును. రక్తము జీర్ణకోశము నుండి కండరములకు మరలును. పోరాడుటకో, పారిపోవుటకో దేహము సిద్ధమగును.

పులి ఎదురైనపుడు ఇది ప్రాణరక్షకము. అయితే నిజమైన పులికి, తలపులోని పులికి భేదము పట్టుటలో ఈ యంత్రాంగము మందమైనది. చీకటిలో త్రాటిని చూచి పామనుకొన్నవాని గుండెయు పామును చూచినవాని గుండె వలెనే కొట్టుకొనును. పోరు లేదు, పరుగు లేదు. కావున లేచిన శక్తి ఖర్చు కాక కండరముల బిగువుగా, తలనొప్పిగా, కడుపు కలతగా నిలిచిపోవును.

ఊపిరిని త్వరత్వరగా తీసినచో రక్తమునందలి బొగ్గుపులుసు వాయువు తగ్గును. అందువలన వ్రేళ్ళ తిమ్మిరి, తలతిరుగుట కలుగును. మన ఉదాహరణలోని ఇల్లాలికి కలిగినదియు ఇదే. కారణము తెలియని వారు దీనినే మృత్యుసూచన యని భావించి మరింత భయపడుదురు. ఆ భయము ఊపిరిని మరింత త్వరపెట్టును.

4. చింత మనలను ఏల విడువదు

బాధ పెట్టు వస్తువును మానవుడు సహజముగా విడుచును. మరి చింతను ఏల పట్టుకొని యుండును? దీనికి శాస్త్రజ్ఞులు చెప్పు కారణములు కొన్ని కలవు.

మొదటిది, చింతకు దొరకు దొంగ బహుమానము. ఒకడు ప్రతి రాత్రి వీధిలో డప్పు కొట్టుచుండెననుకొనుడు. కారణమడుగగా, "పులి రాకుండుటకు" అనును. ఇచట పులులు లేవు గదా యన్నచో, "చూచితిరా, డప్పు మహిమ!" అనును. చింతయు ఇట్టిదే. మనము భయపడినవానిలో అధిక భాగము జరుగవు. జరుగకపోవుట చింతవలననే యని మనస్సు తెలియకయే నమ్మును. 2020లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరిశోధనలో, తీవ్రమైన చింతా రుగ్మత గలవారిచే వారి చింతలను వ్రాయించి, తరువాత జరిగినదానితో సరిచూచిరి. వారి భయములలో 91 శాతమునకు పైగా నిజము కాలేదు. పరీక్షకు వచ్చినవారు ముప్పదిమంది లోపే యైనను, ఆ ఫలితము ఆలోచింపదగినది.

రెండవది, చింత ఎక్కువగా మాటలతో నడచును, చిత్రములతో తక్కువ. భయంకర దృశ్యమును కన్నులార ఊహించుటకంటె దానిని గూర్చి మాటలలో గొణుగుకొనుట ఆ క్షణమున కొంత సులభము. అందుచేత చింత అసలు భయమును ఎదుర్కొననీయక ప్రక్కకు తప్పించునని బోర్కోవెక్ వివరించెను. ఎదుర్కొనని భయము తగ్గదు.

మూడవది, అనిశ్చయమును ఓర్వలేకుండుట. కొందరికి "తెలియదు" అను స్థితికన్న చెడువార్తయే మేలని తోచును. కాని రేపటిని నిశ్చయముగా ఎరిగినవారు లోకమున లేరు. పూర్తి నిశ్చయము కోరువాడు చింతకు జీవితాంతము కౌలు చెల్లింపవలసి యుండును. 2020లో కోవిడ్ వ్యాధి వ్యాపించినపుడు ఇది లోకమునకంతటికి అనుభవమునకు వచ్చినది. ఆ మొదటి సంవత్సరమున ఆందోళన, కుంగుబాటు రుగ్మతలు ప్రపంచమున 25 శాతము హెచ్చినవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించెను.

నాలుగవది, చింతను గూర్చిన చింత. "ఇట్లు ఆలోచించుచున్నచో నాకు పిచ్చి పట్టునేమో, గుండె ఆగునేమో" యని భయపడుట. బ్రిటన్‌కు చెందిన ఏడ్రియన్ వెల్స్ అను శాస్త్రజ్ఞుడు 1990ల మధ్యలో, చింతను వ్యాధిగా మార్చు దానిలో ఇదియే ముఖ్యమని చూపెను. ఆలోచింపరాదని మనస్సును గద్దించుటయు ఫలింపదు. తెల్లని ఎలుగుబంటిని తలచవద్దని చెప్పినచో అదియే మరల మరల తలపునకు వచ్చునని 1987లో డేనియల్ వెగ్నర్ అను శాస్త్రజ్ఞుడు ప్రయోగముచే నిరూపించెను.

5. ఆలోచనకును చింతకును భేదము

రాయపూర్ చుట్టుపట్ల వరి ప్రధానమైన పంట. ఇచటి రైతులు అనేకులు వడ్లు వెదజల్లి, పైరు కొంత ఎదిగి పొలమున నీరు నిలిచిన తరువాత, ఆ పైరులోనే నాగలి సాగింతురు. దీనిని బియాసీ యందురు. వాన ఆలస్యమైనచో నీరు నిలువదు, బియాసీ సాగదు, కలుపు పెరుగును. రైతునకు కలుగు వ్యథ అకారణము కాదు.

అయినను ఇద్దరు రైతులను పోల్చి చూడుడు. ఒకడు రాత్రింబగళ్ళు ఆకాశమును చూచుచు, "వాన రాదు, పంట పోవును, అప్పు తీరదు, పిల్ల పెండ్లి ఆగును" అని అదే గొలుసును త్రిప్పుచుండును. రెండవవాడు, "ఇన్ని దినములలో వాన పడనిచో కలుపు చేతితో తీయింతును, గట్లు ఇప్పుడే గట్టిపరతును, పంట బీమా కాగితములు ఈ వారమే చూచుకొందును" అని నిశ్చయించుకొని పనికి పోవును. ఇద్దరికిని వాన ఒకటే. మొదటివానిది చింత, రెండవవానిది ఆలోచన. ఆలోచన ఒక నిర్ణయమునకు చేరి ఆగును. చింతకు గట్టు లేదు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగమన్న సామెత ఆశపడువారికి ఎంత తగునో, చింతించువారికిని అంతయే తగును.

6. ఎప్పుడు దీనిని రుగ్మత యనవలెను

పరీక్షకు ముందు, శస్త్రచికిత్సకు ముందు, బిడ్డకు జ్వరము వచ్చినపుడు చింత కలుగుట సహజము. అది వ్యాధి కాదు. అనేక విషయములను గూర్చి హద్దు మీరిన చింత ఆరు నెలలకు తక్కువ కాకుండ, అధిక దినములలో ఉండి, ఆపశక్యము కానిచో వైద్యులు దానిని సాధారణీకృత ఆందోళన రుగ్మత యందురు. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘము దీనిని ప్రత్యేక రుగ్మతగా గుర్తించెను.

దీనితో కూడి వచ్చు గురుతులు ఆరు: నిలుకడ లేకుండుట, త్వరగా అలసిపోవుట, మనస్సు పనియందు నిలువకుండుట, చిరాకు, కండరముల బిగువు, నిద్రాభంగము. వయోజనులలో ఇందు మూడైనను ఉండి, ఇంటిపనికో ఉద్యోగమునకో భంగము కలుగుచున్నచో వైద్యుని చూడవలెను.

7. మీరు స్వయముగా చేయదగినవి

చింతకు వేళ నియమించుడు. ప్రతిదినము ఒకే చోట, ఒకే సమయమున అరగంట కేటాయింపుడు. అది నిద్రకు ముందు కాకుండవలెను. తక్కిన వేళలలో చింత తోచినచో, "సాయంకాలము ఐదు గంటలకు నిన్ను చూతును" అని చిన్న కాగితముపై వ్రాసి పనికి మరలుడు. ఇది తలపును గెంటివేయుట కాదు. వాయిదా వేయుట మాత్రమే. ఈ పద్ధతిని బోర్కోవెక్, అతని సహచరులు 1983లో పరీక్షించి ఉపయోగకరమని కనుగొనిరి. వేళ వచ్చునప్పటికి కొన్ని చింతలు తామే చల్లబడియుండుటను మీరు చూడగలరు.

చింతల ఖాతా వ్రాయుడు. ఒక పుస్తకమున మూడు గడులు గీయుడు. మొదటిదానిలో భయము, రెండవదానిలో నేను చేయగల పని, మూడవదానిలో చివరకు జరిగినది. ఇల్లాలి ఖాతాలో మొదటి పద్దు ఇట్లుండును: "కుమారుడు ఫోను ఎత్తలేదు, ప్రమాదమేమో. రాత్రి తొమ్మిది గంటలకు ఒక్కసారి మాటలాడుదును. గ్రంథాలయములో నుండెను." నెల గడచిన పిమ్మట మూడవ గడిని చదివినచో, ఏ ఉపదేశమును చేయలేని పని అది చేయును.

దేహమును సడలింపుడు. 1929లో ఎడ్మండ్ జేకబ్‌సన్ అను వైద్యుడు క్రమముగా కండరములను సడలించు పద్ధతిని గ్రంథరూపమున ప్రకటించెను. పిడికిలి, భుజములు, ముఖము, కడుపు, కాళ్ళు, వరుసగా ఒక్కొక్క చోట కండరములను కొన్ని క్షణములు బిగించి, మెల్లగా వదలుడు. ఊపిరిని నెమ్మదిగా తీసి, తీసినదానికంటె ఎక్కువసేపు విడువుడు. దినమునకు అరగంట నడచుటయు మేలు చేయును.

తప్పించుకొను అలవాటును కొంచెము కొంచెముగా విడువుడు. దినమునకు పదిమారులు ఫోను చేయువారు ఎనిమిదికి, తరువాత ఐదునకు, ఆపై ఒకటికి తగ్గింపవలెను. మొదట వ్యాకులత హెచ్చును. ఓర్చి నిలిచినచో తానే తగ్గును. ఆ తగ్గుటను అనుభవించిన మనస్సు అనిశ్చయమును భరింప నేర్చుకొనును.

8. చేయరానివి

చింత మరచుటకు మద్యము త్రాగరాదు. ఆ రాత్రికి మత్తు కలిగించినను, నిద్రను చెరచి మరునాటి ఆందోళనను అది హెచ్చించును. పొగాకు, గుట్కా, ఈ ప్రాంతమున పండ్లకు రుద్దుకొను గుడాఖు, వీనిచే కలుగు ఊరట క్షణికము. అలవాటైన మత్తు తగ్గగనే వ్యాకులత మరల వచ్చును. కాఫీ, టీ అధికముగా త్రాగినచో గుండె దడ హెచ్చును. వైద్యుని సలహా లేక నిద్రమాత్రలను కొని వాడరాదు. వానిలో కొన్ని అలవాటుగా మారి మానుట కష్టమగును. రాత్రి మంచముపై ఫోనులో రోగలక్షణములను వెదకుచు కూర్చుండుటయు ఈ కాలపు దురలవాటే.

ఒక హెచ్చరిక. క్రొత్తగా వచ్చిన ఛాతీ నొప్పిని, ఆయాసమును చింతయని తీసివేయరాదు. అవి గుండెజబ్బు గురుతులు కావచ్చును. వెంటనే వైద్యునికి చూపవలెను. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయుటవలనను, రక్తహీనతవలనను దడ కలుగును. కావున దేహ పరీక్ష ముందు; అందు దోషము లేనిచో మనస్సును గూర్చి అడుగుట తరువాత. అచటనే ఆగిపోరాదు.

9. కుటుంబము యొక్క కర్తవ్యము

"ఊరకనే చింతింపకు" అని చెప్పుట సులభము. దానివలన ప్రయోజనము లేదు. చింతించువారికి అది నిందగా వినబడును. గంటకొకసారి "ఏమియు కాదు" అని భరోసా ఇచ్చుచుండుటయు మంచిది కాదు. ఆ భరోసాయే ఒక అలవాటగును. "నీ బాధ నాకు తెలియుచున్నది. దీనిని ఖాతాలో వ్రాసి సాయంకాలము చూతము" అని ప్రక్కన కూర్చుండుట మేలు. మన ఇల్లాలి కుమారుడు, "అమ్మా, నేను ప్రతి రాత్రి తొమ్మిదికి పిలుతును. పగలు ఎత్తనిచో తరగతిలో నున్నానని అనుకొనుము" అన్నాడు. భర్త ఆమెను మానసిక వైద్యుని వద్దకు వెంటబెట్టుకొని పోయినాడు. "ఇరుగుపొరుగువారు ఏమనుకొందురో" యను సంకోచమును ముందుగా జయించినవాడు అతడే.

10. సహాయము ఎచట లభించును

ఆందోళన రుగ్మతలకు చికిత్స రెండు విధములు. మొదటిది మాటల చికిత్స. దీనిలో తలపులను, ప్రవర్తనను పరిశీలించి మార్చుకొనుటకు శిక్షణ నిత్తురు. రెండవది ఔషధము. ఈ ఔషధములు పనిచేయుటకు కొన్ని వారములు పట్టును. మేలు కనబడగనే స్వయముగా మానరాదు. పిచ్చివారికి మాత్రమే మానసిక వైద్యుడనుట అజ్ఞానము. 2019లో ప్రపంచమున 30 కోట్లకు పైగా ప్రజలు ఆందోళన రుగ్మతలతో జీవించుచుండిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

మన దేశమున 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమము ఆరంభమైనది. 2015–16లో బెంగుళూరు నందలి నిమ్హాన్స్ సంస్థ జరిపిన జాతీయ సర్వేలోని పండ్రెండు రాష్ట్రములలో ఛత్తీస్‌గఢ్ ఒకటి. ఆ సర్వే ప్రకారము వయోజనులలో 10.6 శాతము మంది అప్పటికి ఏదో ఒక మానసిక రుగ్మతతో నుండిరి. రుగ్మతను బట్టి 70 నుండి 92 శాతము మందికి చికిత్స అందుటలేదు. మన ఇల్లాలివంటివారు ఎందరో ఈ అంకెల వెనుక నున్నారు.

రాయపూర్‌లో 2012లో ఆరంభమైన అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థయందు మానసిక వైద్య విభాగము కలదు. బిలాస్‌పూర్ సమీపమున సేంద్రీలో రాష్ట్ర మానసిక చికిత్సాలయము కలదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రభుత్వ వ్యయముతో నడచు సేవలయందు చికిత్స పొందుటను ప్రతివారి హక్కుగా గుర్తించినది.

దూరము పోలేనివారికి 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలీ మానస్ సేవ కలదు. 14416 సంఖ్యకు రాత్రింబగళ్ళు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును. తెలుగు, హిందీ మొదలగు అనేక భాషలలో మాటలాడవచ్చును. బాధను స్వభాషలో చెప్పుకొనుటయే సగము ఊరట. బ్రదుకు వద్దనిపించినచో, ప్రాణము తీసికొను తలపు వచ్చినచో, ఒక్క గంటయు ఆలస్యము చేయక ఈ సంఖ్యకు ఫోను చేయుడు, దగ్గరివారికి చెప్పుడు, ఒంటరిగా ఉండకుడు.

జ్ఞాపకముంచుకొనవలసిన విషయములు

చింత ఆలోచనకు హద్దు మీరిన రూపము. అది నేరము కాదు, బలహీనత కాదు.
చేయదగిన పని యున్నచో చేయుడు; లేనిచో చింతను దాని వేళకు వాయిదా వేయుడు.
దేహ పరీక్షలో దోషము లేదన్నచో బాధ లేదని అర్థము కాదు; మనస్సును గూర్చియు వైద్యునికి చెప్పుడు.
ఆరు నెలలు విడువని చింతకు చికిత్స అవసరము. అంతకు ముందే పనికి భంగము కలిగినను వైద్యుని చూడవచ్చును.
చింతించువారిని నిందింపక, ప్రక్కన నిలువుడు.

రేపు ఎట్లుండునో ఎవ్వరికిని తెలియదు. అది తెలియకయే విత్తనము చల్లుచున్నాము, బిడ్డలను దూరదేశములకు పంపుచున్నాము, రాత్రి తలుపు మూసి నిద్రించుచున్నాము. తెలియనిదానితో కలసి బ్రదుకుటకు కావలసిన ధైర్యము మనయందు ఇదివరకే కొంత కలదు. మిగిలినది నేర్చుకొనవచ్చును, నేర్పువారును కలరు.